చప్పుడు తగ్గాలంటే ముందు స్లైడ్ సంగతి చూడండి

స్నైపర్ రైఫిల్ కొన్న ప్రతి ఎయిర్‌సాఫ్ట్ ఆటగాడూ ఆ వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది: మరి నడుముకి ఏ పిస్టల్ పెట్టుకోవాలి? ఇంగ్లండ్‌లో మాతో ఆడే తెలుగు కుర్రాళ్లు కూడా ఇదే అడుగుతున్నారు. ప్రతిసారీ వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా జవాబు పెట్టే బదులు ఒకచోట వివరంగా రాసిపెడదామని కూర్చున్నాను. నా మాట ముందే చెప్పేస్తున్నా. చప్పుడు తక్కువ కావాలంటే స్లైడ్, అంటే పిస్టల్ పైభాగం, కదలని గ్యాస్ పిస్టల్ తీసుకోండి, అందులోనూ ఎంకే 23 రకం తీసుకోండి. సైలెన్సర్ గొట్టం గురించి ఆ తర్వాత ఆలోచించవచ్చు. ఎందుకో కాస్త పొడుగ్గానే చెప్తాను, కారణం అర్థమైతే రేపు దుకాణంలో వేరే మోడల్ చూపించినా మీరే తేల్చుకోగలరు.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఎయిర్‌సాఫ్ట్ జపాన్‌లో పుట్టింది. అక్కడ మామూలు జనం నిజమైన తుపాకీ కొనుక్కోవడం చాలా కష్టం కాబట్టి అచ్చం అలాగే కనిపించే, 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండ్లు విసిరే బొమ్మ తుపాకులు వచ్చాయి, వాటితో అడవుల్లో, పాడుబడ్డ భవనాల్లో ఆటలు మొదలయ్యాయి. ఆ గుండ్లని బీబీలు అంటాం. పెయింట్‌బాల్‌లో రంగు అంటుకుంటుంది, ఇక్కడ ఏదీ అంటుకోదు. బీబీ తగిలినవాడు తనంతట తానే "హిట్" అని అరిచి చెయ్యెత్తి బయటికి నడవాలి. ఆట మొత్తం ఆ నిజాయితీ మీద నడుస్తుంది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, చప్పుడు లేని పిస్టల్‌తో దీనికి సంబంధం ఉంది.

ఇక స్నైపర్‌కి రెండో తుపాకీ ఎందుకంటే, అది లేకపోతే దగ్గరికొచ్చినవాణ్ణి కాల్చడానికి వీల్లేదు కాబట్టి. ఇక్కడి మైదానాల్లో మామూలు తుపాకులకి సాధారణంగా 0.20 గ్రాముల బీబీతో సెకనుకి 350 అడుగుల వేగం పరిమితి, అంటే దాదాపు 1.14 జౌల్స్. ఒక్కో గుండుకీ చేత్తో బోల్ట్ లాగే స్నైపర్ రైఫిల్‌కి చాలాచోట్ల 500 అడుగుల దాకా ఒప్పుకుంటారు, అది 2.3 జౌల్స్ పైన. చట్టం కూడా ఒక్కో గుండు పేల్చే ఎయిర్‌సాఫ్ట్ తుపాకీకి 2.5 జౌల్స్, ఆటోమేటిక్‌కి 1.3 జౌల్స్ దగ్గర గీత గీసింది. అంత శక్తి ఉన్న రైఫిల్‌ని దగ్గర్నుంచి కాలిస్తే దెబ్బ గట్టిగా తగులుతుంది, అందుకే సాధారణంగా 30 మీటర్ల లోపల ఉన్నవాళ్ల మీద దాన్ని వాడకూడదనే నియమం పెడతారు. ఆ 30 మీటర్ల లోపల మీ చేతిలో ఉండాల్సింది పిస్టలే.

ఆ పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించండి. ఆకులు, గోనెపీచు కట్టుకుని గంటసేపు ఒక పొద కింద పడుకున్నారు. అవతలి జట్టు నుంచి ఒకడు మీవైపు నడిచొస్తున్నాడు, వాడి వెనక ఇంకో నలుగురున్నారు. వాడు మిమ్మల్ని తొక్కేంత దగ్గరికొచ్చేలోపు పిస్టల్ తీసి కాల్చాలి. కాల్చాక వాడు "హిట్" అంటాడు, వెనకున్న నలుగురికీ అది వినిపిస్తుంది, ఆ మాట ఆపలేం. కానీ గుండు ఎక్కణ్ణుంచి వచ్చిందో వాళ్లకి తెలియకపోతే మీరు ఇంకా ఆటలో ఉన్నట్టే. పిస్టల్ ఫట్‌మని పేలిందంటే నాలుగు తుపాకులు ఒకేసారి మీ పొదవైపు తిరుగుతాయి. స్నైపర్ పిస్టల్‌కి దూరం, వేగం, గుండ్ల సంఖ్య ఇవన్నీ రెండో వరసలోనే ఉంచాలని నేను గట్టిగా అనేది ఇందుకే. 15 మీటర్లలో నమ్మకంగా తగిలితే చాలు, చుట్టుపక్కలవాళ్లకి దిక్కు తెలియకూడదు, అంతే.

చాలామంది పబ్‌జీలో, ఆ తర్వాత వచ్చిన బీజీఎంఐలో సప్రెసర్, అంటే అదే సైలెన్సర్ గొట్టం, తగిలించి ఆడిన అలవాటుతో ఇక్కడ కూడా అదే చాలనుకుంటారు. గేమ్‌లో గొట్టం బిగించగానే చప్పుడు మాయం. ఎయిర్‌సాఫ్ట్ పిస్టల్‌లో చప్పుడు మూడు చోట్ల పుడుతుంది. ఒకటి, బీబీ వెనకాల బ్యారెల్ మూతి నుంచి ఒక్కసారిగా బయటపడే గ్యాస్. రెండు, హ్యామర్, అంటే వెనకున్న చిన్న సుత్తి, వెళ్లి గుండ్లూ గ్యాసూ నింపే మ్యాగజైన్ మీదున్న వాల్వ్‌ని కొట్టే దెబ్బ. మూడు, స్లైడ్ వెనక్కి వెళ్లి గుద్దుకోవడం, మళ్లీ ముందుకొచ్చి గుద్దుకోవడం. సప్రెసర్ తగ్గించగలిగింది మొదటిదాన్ని మాత్రమే. మిగతా రెండూ పిస్టల్ ఒంట్లోనే పుడతాయి కాబట్టి మూతికి ఎంత మంచి గొట్టం బిగించినా అవి అలాగే ఉంటాయి.

ఇప్పుడు అందరూ ఇష్టపడే గ్యాస్ బ్లోబ్యాక్ పిస్టళ్లు, అంటే గ్యాస్ తోపుకి స్లైడ్ కదిలేవి, చూడండి. జపాన్ కంపెనీ టోక్యో మారుయి చేసిన హై-కాపా 5.1 నాకు చాలా ఇష్టం, ట్రిగ్గర్ మెత్తగా ఉంటుంది, గురి బాగుంటుంది, విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. భవనాల్లో పరుగులు పెట్టి ఆడే ఆటకి దానికంటే మంచిది నేను చెప్పలేను. కానీ ప్రతి గుండుకీ స్లైడ్ వెనక్కీ ముందుకీ కదులుతుంది, ఆ టకటక అడవిలో చెట్ల మధ్య నుంచి స్పష్టంగా వినిపిస్తుంది. పైగా మనిషి చెవికి ఇలాంటి పదునైన, క్షణంలో అయిపోయే లోహపు చప్పుడు ఏ దిక్కు నుంచి వచ్చిందో పట్టుకోవడం చాలా సులువు. మందంగా, డొల్లగా వచ్చే చప్పుడైతే పట్టుకోవడం కష్టం. కాబట్టి ఎంత గట్టిగా వినిపించిందన్నది ఒక్కటే కాదు, ఎలాంటి చప్పుడన్నది కూడా లెక్కలోకి వస్తుంది. సీఓటూ గుళికలతో నడిచే పిస్టళ్లైతే ఇంకా గట్టిగా పేలతాయి, 20 డిగ్రీల దగ్గర ఆ 12 గ్రాముల గుళికలో ఒత్తిడి 57 బార్ల దాకా ఉంటుంది. ఈ పనికి వాటి జోలికి పోవద్దు.

స్లైడ్ కదలని పిస్టల్‌ని నాన్-బ్లోబ్యాక్ అంటారు. ఇందులో స్లైడ్ ఊరికే ఆకారానికే ఉంటుంది. హ్యామర్ వాల్వ్‌ని కొడుతుంది, వదిలిన గ్యాస్ అంతా బీబీని తొయ్యడానికే పోతుంది. స్లైడ్‌ని నెట్టడానికి గ్యాస్ ఖర్చు కాదు కాబట్టి ఒక్కసారి నింపితే ఎక్కువ గుండ్లు వస్తాయి, మ్యాగజైన్ కూడా త్వరగా చల్లబడదు. కాల్చేటప్పుడు పిస్టల్ కుదుపు ఉండదు, గురి కదలదు. మూడు చప్పుళ్లలో అన్నిటికంటే పెద్దది మొదట్లోనే పోయింది. మిగిలిన రెంటిలో గ్యాస్‌ది సప్రెసర్ చూసుకుంటుంది, హ్యామర్ దెబ్బ ఒక్కటే మిగులుతుంది, అది చిన్న టక్.

ఈ రకంలో పేరున్నది టోక్యో మారుయి ఎంకే 23. దీని అసలు మూలం అమెరికా స్పెషల్ ఆపరేషన్స్ కమాండ్ కోసం జర్మన్ కంపెనీ హెక్లర్ అండ్ కోఖ్ 1990ల్లో తయారుచేసిన .45 పిస్టల్. మారుయి చేసిన ఎయిర్‌సాఫ్ట్ రూపం పెట్టెలోనే సప్రెసర్‌తో వస్తుంది, ఆ సప్రెసర్ లోపల స్పాంజి ఉంటుంది. మ్యాగజైన్‌లో 28 గుండ్లు పడతాయి. ఇదే పద్ధతిలో వేరే కంపెనీలు చేసినవీ ఉన్నాయి. ఆస్ట్రియా ఎయిర్‌సాఫ్ట్ యూట్యూబర్ నోవ్‌రిట్ష్ తన బ్రాండ్ కింద అమ్మే ఎస్ఎస్ఎక్స్ 23 కూడా ఈ కుటుంబానిదే. ఏది తీసుకున్నా హాప్-అప్ సర్దుకునే వీలుందో లేదో, ఎలా సర్దాలో కొనే ముందే అడగండి. హాప్-అప్ అంటే బీబీకి వెనక్కి తిరిగే గింగిరం ఇచ్చే రబ్బరు. అది సరిగ్గా ఉంటేనే గుండు త్వరగా నేల మీద పడకుండా తిన్నగా సాగుతుంది. బీబీ బరువు మార్చినప్పుడల్లా అది మళ్లీ సర్దాలి.

దీనితో ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి, కొనేవాళ్లకి అవి దాచడం న్యాయం కాదు. మొదటిది సైజు. ఎంకే 23 పెద్దది, సప్రెసర్ తగిలిస్తే మోచేతి అంత పొడుగవుతుంది, తొడకి కట్టుకుని పాకేటప్పుడు అడ్డం పడుతుంది. రెండోది ట్రిగ్గర్. స్లైడ్ కదలదు కాబట్టి ప్రతి గుండుకీ హ్యామర్ తనంతట తాను వెనక్కి రాదు, ఆ పని మీ వేలు చెయ్యాలి, లాగుడు పొడుగ్గా బరువుగా ఉంటుంది. మొదటి గుండు ముఖ్యం అనుకున్నప్పుడు బొటనవేలితో హ్యామర్ వెనక్కి లాగి పెట్టుకోండి, అప్పుడు ట్రిగ్గర్ తేలికగా పోతుంది, గురి చెదరదు. దాక్కుని ఆడేవాళ్లకి ఆ మొదటి గుండే సర్వస్వం కాబట్టి ఈ లోపం నాకు పెద్దగా అనిపించదు. మూడోది, కాల్చినప్పుడు చేతికి ఏమీ తెలియదు. స్లైడ్ కుదుపు కోసమే పిస్టల్ కొనేవాళ్లకి ఇది నచ్చదు, వాళ్లు కొనకూడదు కూడా.

స్ప్రింగ్ పిస్టళ్ల గురించి కూడా అడుగుతుంటారు. గ్యాస్ లేదు, ధర తక్కువ, చలికి బాధపడదు, చప్పుడు కూడా పెద్దగా ఉండదు. కానీ ప్రతి గుండుకీ స్లైడ్ చేత్తో లాగాలి. మొదటి గుండు తప్పిపోతే ఎదుటివాడి ముందు చెయ్యి కదిపి చరక్‌మని లాగాలి, దొరికిపోతారు. బ్యాటరీతో నడిచే చిన్న ఎలక్ట్రిక్ పిస్టళ్లు, అంటే మారుయి గ్లాక్ 18సీ లాంటివి, చలిలో బాగా పనిచేస్తాయి, మూతి దగ్గర చప్పుడు దాదాపు ఉండదు, కాకపోతే మోటార్, పళ్లచక్రాల గర్ర్ మాత్రం ఉంటుంది, శక్తి కూడా తక్కువ. ఇంగ్లండ్ చలికాలంలో మాత్రమే ఆడేవాళ్లు వాటిని ఆలోచించవచ్చు. మిగతావాళ్లకి అక్కర్లేదు.

సప్రెసర్ ఎంచుకునేటప్పుడు చూడాల్సింది లోపలి ఖాళీ. గ్యాస్ బ్యారెల్ దాటగానే ఒక్కసారిగా గాలిలోకి తన్నకుండా, గొట్టం లోపల వ్యాపించి, స్పాంజిలో వేగం పోగొట్టుకుని, మెల్లగా బయటికి రావాలి. గొట్టం ఎంత లావుగా ఉంటే అంత మంచిది. కొంతమంది వేగం పెంచుదామని పొడుగాటి లోపలి బ్యారెల్ వేసి దాన్ని సప్రెసర్ చివరిదాకా తీసుకొస్తారు. అప్పుడు గ్యాస్ వ్యాపించడానికి చోటే మిగలదు, సప్రెసర్ అలంకారం అయిపోతుంది. స్పాంజి మధ్యలో బీబీ దారి పూర్తిగా ఖాళీగా ఉండాలి, స్పాంజి అంచు తగిలినా గుండు వంకర పోతుంది. బిగించాక వెనక నుంచి చూసి గొట్టం బ్యారెల్‌తో సూటిగా ఉందో లేదో చూసుకోండి. మరలు కూడా సరిచూసుకోవాలి. ఎయిర్‌సాఫ్ట్‌లో ఎక్కువగా కనిపించేది 14 మిల్లీమీటర్ల ఎడమవైపు మర, ఎంకే 23ది 16 మిల్లీమీటర్ల కుడివైపు మర, వేరే గొట్టం పెట్టాలంటే మధ్యలో అడాప్టర్ కావాలి. బీబీలని చీకట్లో వెలిగించే ట్రేసర్ గొట్టాలు చూడ్డానికి సప్రెసర్‌లాగే ఉంటాయి కానీ చప్పుడు తగ్గిస్తాయని కొనకండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది, అతి తక్కువమంది పట్టించుకునేది గ్యాస్. ఒత్తిడి ఎక్కువైతే చప్పుడు ఎక్కువ, ఇది సూటి లెక్క. గ్రీన్ గ్యాస్ అని అమ్మేది ప్రొపేనే, కొంచెం సిలికాన్ నూనె కలిపి డబ్బాలో పోస్తారు. 20 డిగ్రీల వేడిలో దాని ఒత్తిడి 8 బార్లు దాటుతుంది. జపాన్ పిస్టళ్లు 134ఏ అనే మెత్తటి గ్యాస్‌ని దృష్టిలో పెట్టుకుని చేసినవి, అదే వేడిలో దాని ఒత్తిడి సుమారు 5.7 బార్లు. ఇందులో మనకి పనికొచ్చే విషయం ఒకటుంది. ప్రొపేన్ 5 డిగ్రీలకి చల్లబడితే దాని ఒత్తిడి 5.5 బార్ల దగ్గరికి వస్తుంది, అంటే వేసవిలో 134ఏ ఇచ్చినంతే. కాబట్టి జనవరి చలిలో గ్రీన్ గ్యాస్ పోస్తే పిస్టల్ మెత్తగానే పేలుతుంది. జులైలో అదే గ్యాస్ పోస్తే గట్టిగా పేలుతుంది, ప్లాస్టిక్ భాగాల మీద భారం కూడా పడుతుంది. వేసవికి తక్కువ ఒత్తిడి గ్యాస్, చలికాలానికి గ్రీన్ గ్యాస్ అని రెండు డబ్బాలు పెట్టుకోండి. చలిలో మ్యాగజైన్‌ని బయట పౌచ్‌లో కాకుండా జాకెట్ లోపలి జేబులో పెట్టుకుంటే ఒంటి వేడికి ఒత్తిడి పడిపోకుండా ఉంటుంది.

మైదానంలో వేగం కొలిచే దగ్గర ఇంకో మాట. గ్యాస్ తుపాకుల్లో బరువైన బీబీ వేస్తే అది బ్యారెల్‌లో ఇంకాస్త సేపు ఉండి గ్యాస్ నుంచి ఎక్కువ శక్తి తీసుకుంటుంది. 0.20తో సరిగ్గా ఉన్న పిస్టల్ 0.30తో పరిమితి దాటవచ్చు. మీరు ఆడే బీబీతోనే కొలిపించుకోండి.

కొన్నాక చప్పుడు ఎంతుందో ఎలా పరీక్షించాలి? మీ చెవితో కాదు. హ్యామర్ మీ ముక్కుకి రెండు అడుగుల దూరంలో కొడుతుంది కాబట్టి మీకు ఎప్పుడూ గట్టిగానే వినిపిస్తుంది. ఫోన్ యాప్‌లు కూడా వద్దు, క్షణంలో వచ్చిపోయే ఇలాంటి చప్పుడుని ఫోన్ మైక్ సరిగ్గా పట్టుకోలేదు. ఆట మైదానంలోనే, కళ్లద్దాలు పెట్టుకున్న స్నేహితుణ్ణి 20 మీటర్ల అవతల మీకు వీపు పెట్టి నిలబెట్టండి. మీరు చెట్ల చాటున అటూ ఇటూ మారుతూ, అతనివైపు కాకుండా సురక్షితమైన దిక్కుకి కాల్చండి. చప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో చేత్తో చూపించమనండి. అతని వేలు తప్పుదారి చూపిస్తుంటే మీ పిస్టల్ మంచిదే. గ్యాస్ మార్చి, స్పాంజి మార్చి మళ్లీ చేసి చూడండి, తేడా అతనే చెప్తాడు. బీబీ సెకనుకి 100 మీటర్ల దగ్గర పోతుంది, ధ్వని 340 మీటర్లు పోతుంది. 30 మీటర్ల దూరంలో ఉన్నవాడికి మీ చప్పుడు గుండు కంటే ముందే చేరుతుంది, తల వంచుకోవడానికి వాడికి కనీసం సెకనులో ఐదో వంతు దొరుకుతుంది. 10 మీటర్లలో ఆ అవకాశం ఉండదు. అందుకే దగ్గరికి రానివ్వండి, తొందరపడకండి.

పిస్టల్ ఒక్కటే నిశ్శబ్దంగా ఉంటే సరిపోదు. వెల్‌క్రో పట్టీ ఉన్న హోల్స్టర్, అంటే పిస్టల్ పెట్టుకునే ఒర, తెరిస్తే వచ్చే చర్రుమనే చప్పుడు పిస్టల్ చప్పుడు కంటే గట్టిగా ఉంటుంది, నేను అడవిలో చాలామందిని ఆ చప్పుడుతోనే కనిపెట్టాను. గట్టి ప్లాస్టిక్ హోల్స్టర్లు కూడా తీసేటప్పుడు క్లిక్‌మంటాయి, బిగింపు కాస్త వదులు చేసి, జారిపోకుండా తాడు కట్టుకోండి. మ్యాగజైన్‌లోకి బీబీలు ఎక్కించే స్పీడ్‌లోడర్‌లో సగం బీబీలుంటే నడుస్తుంటే గలగలలాడుతుంది, చిన్న గుడ్డముక్క కుక్కండి. మ్యాగజైన్ వాల్వ్ దగ్గర సన్నగా బుస్సుమంటుంటే రబ్బరు సీల్ ఎండిపోయిందని అర్థం, రెండు చుక్కలు సిలికాన్ నూనె వెయ్యండి. ఆట అయ్యాక మ్యాగజైన్‌ని పూర్తిగా ఖాళీ చెయ్యకుండా కొద్దిగా గ్యాస్ ఉంచి దాచితే సీల్స్ ఎక్కువకాలం బతుకుతాయి.

ముందు చెప్పిన నిజాయితీ విషయానికి వస్తాను. చప్పుడు లేని, శక్తి తక్కువైన పిస్టల్‌తో మందపాటి జాకెట్ మీద కాలిస్తే ఎదుటివాడికి నిజంగానే తెలియకపోవచ్చు. చప్పుడు వినలేదు, దెబ్బ తెలియలేదు, అతను నడుస్తూనే ఉంటాడు. వాణ్ణి మోసగాడని తిట్టుకోవడం తప్పు. జాకెట్ మడతలున్నచోట కాకుండా, బీబీ తగిలితే టప్‌మనే చోట, అంటే బ్యాక్‌ప్యాక్, ప్లేట్ క్యారియర్ (ఛాతీకి తొడుక్కునే కవచం), పౌచ్‌ల మీద గురిపెట్టండి. తల మీద, మెడ మీద వద్దు, అంత దగ్గర్నుంచి అస్సలు వద్దు. చాలా దగ్గరికి వచ్చేస్తే కాల్చడం మానేసి లొంగిపొమ్మని మెల్లగా అడగండి, చాలా మైదానాల్లో దీనికి నియమం ఉంటుంది. మాస్టర్స్ చదవడానికి వచ్చిన మా తమ్ముడులాంటి కుర్రాడొకడు రెండు మీటర్ల దగ్గర పిస్టల్ చూపించి "సరెండర్ బ్రో" అని గుసగుసలాడితే అవతలివాడు నవ్వి చెయ్యెత్తి వెళ్లిపోయాడు. పిస్టల్ పేలనే లేదు.

ఇక్కడ చదువుకోవడానికి వచ్చినవాళ్లు ఈ పేరా మాత్రం వదిలెయ్యకండి. బ్రిటన్‌లో 2006 నాటి వయొలెంట్ క్రైమ్ రిడక్షన్ చట్టం ప్రకారం అచ్చం నిజమైన తుపాకీలా ఉండే బొమ్మ తుపాకీని అందరికీ అమ్మకూడదు. ఎయిర్‌సాఫ్ట్ ఆటగాళ్లకి మినహాయింపు ఉంది, దాన్ని దుకాణాలు యూకేఏఆర్ఏ (బ్రిటన్ ఎయిర్‌సాఫ్ట్ దుకాణదారుల సంఘం) నమోదు చూసి నిర్ధారించుకుంటాయి. ఆ నమోదు కావాలంటే ఒకే మైదానంలో కనీసం మూడు ఆటలు, రెండు నెలలకి తగ్గకుండా ఆడి ఉండాలి. 18 ఏళ్లు నిండాలి. అది లేనివాళ్లకి సగానికి పైగా కొట్టొచ్చే రంగు వేసిన పిస్టల్ అమ్ముతారు. ఆ రంగు మీద నల్ల స్ప్రే కొట్టుకోవద్దు, అది కూడా నేరమే అవుతుంది. బయట, బస్సులో, పార్కులో, అద్దె ఇంటి బాల్కనీలో దాన్ని చేత్తో పట్టుకుని కనిపించడం చాలా ప్రమాదం. తగిన కారణం లేకుండా బహిరంగ ప్రదేశంలో నకిలీ తుపాకీ పట్టుకుని ఉండటం 1968 నాటి ఫైర్‌ఆర్మ్స్ చట్టం కింద నేరం, పక్కింటివాళ్లు ఫోన్ చేస్తే వచ్చేది తుపాకులున్న పోలీసులు. వీసా మీద ఉన్నవాళ్లకి కేసు అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. మూసిన బ్యాగులో, కారు డిక్కీలో, ఇంటి నుంచి మైదానానికి, మైదానం నుంచి ఇంటికి. ఫ్రెండ్స్‌తో ఇన్‌స్టా రీల్స్ కోసం వీధిలోకి తియ్యకండి. ఇండియా వెళ్లేటప్పుడు సూట్‌కేసులో పెట్టుకునే ఆలోచన అసలే వద్దు.

ఇప్పటికీ మొదలుపెట్టనివాళ్లు ముందు మైదానంలో తుపాకీ అద్దెకి తీసుకుని ఆడండి, ఎలాగూ యూకేఏఆర్ఏకి ఆ మూడు ఆటలు కావాలి. ఆ సమయంలో ఎంకే 23 ఉన్న స్నైపర్లు తప్పకుండా తగులుతారు, అడిగితే సంతోషంగా చేతికిస్తారు. ట్రిగ్గర్ లాగి చూడండి, తొడకి కట్టుకుని ఒకసారి నేల మీద పాకి చూడండి. పాత పిస్టల్ కొంటే మ్యాగజైన్ నీళ్లలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూసి తీసుకోండి. ఒక అదనపు మ్యాగజైన్, మంచి బ్రాండ్ 0.28 లేదా 0.30 బీబీలు, సిలికాన్ నూనె, రెండు రకాల గ్యాస్ కొన్నాకే మిగతా అలంకారాల మీద డబ్బు పెట్టండి. ఫలానా మోడల్ చూశాం, ఎలా ఉంటుంది అని అడగాలనుకుంటే కామెంట్‌లో పెట్టండి, నేను వాడినదైతే వివరంగా చెప్తాను.